కారులో తుపాకీ: అమెరికాలో ఉండే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాలస్ పక్కన ఒక ఊళ్లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. సిటిజన్‌షిప్ వచ్చాక తుపాకీ కొన్నాను. మూడేళ్లు కారులో పెట్టుకుని తిరిగాను, తర్వాత కారులోంచి తీసేశాను. ఇంట్లో మాత్రం ఇప్పటికీ ఉంది. వీకెండ్ ఎవరింట్లో భోజనాలకి కలిసినా, చదువుకోడానికి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ చేసినా ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఎక్కువగా టెక్సాస్ గురించే ఉంటుంది. నేను లాయర్‌ని కాను, మీ మీద కేసంటూ ఉంటే ఇది చదివి ఊరుకోకుండా లాయర్ దగ్గరికి వెళ్లండి.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. కారులో తుపాకీ పెట్టుకోవచ్చా?

వద్దు. కారులోనే కాదు, ఇంట్లో కూడా పెట్టుకోకూడదు. అడ్డుపడేది టెక్సాస్ చట్టం కాదు, దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా), హెచ్-1బి (ఉద్యోగ వీసా), హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్య లేదా భర్త, పిల్లల వీసా), ఎల్-1 (కంపెనీ బదిలీ మీద వచ్చే వీసా), విజిటర్ వీసా, ఇలా నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. ఒకటి రెండు మినహాయింపులున్నాయి, అందులో ముఖ్యమైనది కింద చెబుతాను. 2022లో చట్టం మార్చి ఈ నేరానికి గరిష్ఠ శిక్షను పదేళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచారు. జైలు ఒకెత్తు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో అదొక్కటే చాలు.

"టెక్సాస్‌లో లైసెన్స్ కూడా అక్కర్లేదట కదా అంకుల్" అని పిల్లలు అడుగుతుంటారు. లైసెన్స్ అక్కర్లేదన్న మాట నిజమే, కానీ అది తుపాకీ ఉంచుకునే హక్కు ముందే ఉన్నవాళ్లకి. ఆ హక్కు వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ఇవ్వలేదు. మనవాళ్లు గ్రీన్‌కార్డ్ క్యూలో పన్నెండేళ్లు, పదిహేనేళ్లు ఉండిపోతున్నారు. ఇల్లు కొన్నారు, పిల్లలు ఇక్కడే పుట్టారు, ఏటా ట్యాక్స్ కడుతున్నారు. ఇన్నేళ్లున్నాక అమెరికా మనదే అనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరూ, నిన్న దిగిన స్టూడెంటూ ఒకటే.

ఫ్రెండ్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి సరదాగా నాలుగు రౌండ్లు కాల్చొచ్చా?

ఇది చాలామంది చేస్తున్నారు, ఫోటోలు కూడా పెడుతున్నారు. చూసినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. అద్దెకు తీసుకున్న తుపాకీ అయినా, పది నిమిషాలు పట్టుకున్నా, చట్టం దృష్టిలో అది మీ దగ్గర ఉన్నట్టే. యూఏఈ నుంచి ఫ్లోరిడాకి చదువుకోడానికి వచ్చిన రెహైఫ్ అనే కుర్రాడి కథ ఇలాగే మొదలైంది. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది. తర్వాత ఒకరోజు రేంజ్‌కి వెళ్లి తుపాకులు కాల్చాడు. అరెస్ట్ చేశారు, శిక్ష పడింది, కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. తన స్టేటస్ ఏమిటో అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాల్సిందేనని 2019లో కోర్టు చెప్పింది. ఆ తీర్పు మనకు పెద్దగా పనికొచ్చేది కాదు. మన పిల్లలకి తాము ఎఫ్-1 మీద ఉన్నామో హెచ్-1బి మీద ఉన్నామో తెలియకపోవడమంటూ ఉండదు.

హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే సరిపోతుందట కదా?

మినహాయింపు ఉన్న మాట నిజం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉంటే ఫెడరల్ నిషేధం వర్తించదు. షాపులో నింపే ఫారంలో కూడా ఆ ప్రశ్న ఉంటుంది. కాకపోతే "గడువు తీరని" అన్న మాట దగ్గర ఆగండి. టెక్సాస్‌లో వేట లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. రెన్యూ చేయడం మరిచిపోతే సెప్టెంబర్ 1 పొద్దున్న నిద్రలేచేసరికి అల్మారాలో ఉన్న తుపాకీ నేరంగా మారిపోతుంది. పైగా ఈ మినహాయింపు ఫెడరల్ నిషేధం వరకే. రాష్ట్రంలో కారుకి, బడికి, బార్‌కి ఉండే రూల్స్ మీకూ అందరిలాగే వర్తిస్తాయి.

చట్టం ఒప్పుకున్నా, ఒంటరిగా ఉండే స్టూడెంట్‌కి తుపాకీ వద్దనే నేను చెబుతాను. 2024 నవంబర్‌లో అట్లాంటాలో మన తెలంగాణ కుర్రాడు ఒకడు, వేట లైసెన్స్ మీద కొన్న తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడు. ఆ రోజు అతని పుట్టినరోజు. స్నేహితులు పక్క గదిలోనే ఉన్నారు. ఎలా పట్టుకోవాలి, చాంబర్‌లో, అంటే కాల్చడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోట, తూటా ఉందో లేదో ఎలా చూడాలి, ఇవి పెద్ద విద్యలేం కావు. కానీ ఎవరైనా పక్కన నిలబడి చేయించి నేర్పాలి, వీడియో చూస్తే వచ్చేవి కావు. తూటాలు నింపే మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన తుపాకీ ఖాళీ అయినట్టు కాదు, చాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక పోయిన ప్రాణాలు ఎన్నో.

గ్రీన్‌కార్డ్ ఉన్న ఫ్రెండ్‌తో కొనిపించుకోవచ్చా?

కూడదు. మీకూ నేరమే, కొనిచ్చినవాడికీ నేరమే. కొనేది ఎవరి కోసమో ఫారంలో సంతకం పెట్టి చెప్పాలి, అక్కడ అబద్ధం రాయాల్సి వస్తుంది. స్నేహం కోసమైనా ఎవరినీ ఈ పనికి అడగకండి.

నాకు గ్రీన్‌కార్డ్ ఉంది. టెక్సాస్‌లో కారులో తుపాకీకి రూల్స్ ఏంటి?

గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు ఈ విషయంలో దాదాపు సిటిజన్లతో సమానం. షాపులో కొనాలంటే హ్యాండ్‌గన్‌కి 21 ఏళ్లు, రైఫిల్‌కి 18 ఏళ్లు నిండాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాసవ్వాలి.

సొంత కారులో హ్యాండ్‌గన్ బయటికి కనబడకుండా పెట్టుకోడానికి టెక్సాస్ 2007లోనే దారి తెరిచింది. 2021 సెప్టెంబర్ 1 నుంచి కారు దిగి బయట తిరగడానికి కూడా లైసెన్స్ అక్కర్లేకుండా చేసింది. ఇప్పుడు ఇలాంటి చట్టం ఉన్న రాష్ట్రాలు 29. కారులో అది కనబడేలా ఉంటే మాత్రం హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో, ఉండాలి. పక్క సీటు మీద ఊరికే పడేసి ఉంచడం నేరం. ఆ సమయంలో మీరు ఏదైనా నేరం చేస్తూ ఉండకూడదు, చిన్నా చితకా ట్రాఫిక్ తప్పులు ఇందులోకి రావు. పొడవు తుపాకులకి, అంటే రైఫిల్, షాట్‌గన్‌కి, లైసెన్స్ గొడవ మొదటినుంచీ లేదు. పికప్ ట్రక్కు వెనక అద్దం దగ్గర స్టాండులో రైఫిల్ పెట్టుకుని తిరగడం ఇక్కడి పల్లెల్లో పాత అలవాటు.

గంజాయి వాడేవాళ్లకి ఒక మాట. పక్క రాష్ట్రంలో అది లీగల్ అయినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గంజాయి వాడుతూ తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ నేరంగానే రాసి ఉంది. దీని మీద కోర్టుల్లో వాదాలు నడుస్తున్నాయి. మీరు ఆ వాదంలో ముద్దాయి కావాల్సిన అవసరం లేదు.

లైసెన్స్ అక్కర్లేనప్పుడు ఎల్‌టీసీ (టెక్సాస్ ఇచ్చే తుపాకీ లైసెన్స్) ఎందుకు తీసుకోవాలి?

తీసుకోండి. టెక్సాస్ ప్రభుత్వం ఫీజు 40 డాలర్లు, ఒక పూట క్లాసు. రాత పరీక్ష ఉంటుంది, తర్వాత రేంజ్‌లో మూడు, ఏడు, పదిహేను గజాల దూరం నుంచి మొత్తం 50 రౌండ్లు కాల్పిస్తారు. 250 మార్కులకి 175 రావాలి. నేను వెళ్లిన రోజు నా పక్క లైన్‌లో డెబ్బై దాటిన పెద్దావిడ, చేతులు వణుకుతున్నా అన్నీ నల్ల గీత లోపలే వేసింది. పదిహేను గజాల దగ్గరికి వచ్చేసరికి నావి చెల్లాచెదురయ్యాయి. బొమ్మ కదలదు, తిరిగి కాల్చదు, ఎవరూ అరవడం లేదు, అయినా నాకు గురి కుదరలేదు. రాత్రిపూట పార్కింగ్‌లో, భయంతో, పక్కన పిల్లలుండగా ఏం చేయగలనో ఆ రోజే కొంచెం అర్థమైంది.

లైసెన్స్‌తో ఇంకో గట్టి లాభం బడి దగ్గర. బడికి వెయ్యి అడుగుల లోపల తుపాకీ ఉండటం ఫెడరల్ నేరం. 1990లో తెచ్చిన ఈ చట్టాన్ని సుప్రీం కోర్టు 1995లో కొట్టేసింది, అది మన టెక్సాస్ శాన్ ఆంటోనియో కేసే. మరుసటి ఏడాది కాంగ్రెస్ మార్పులతో మళ్లీ తెచ్చింది. రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. లేనివాళ్లు తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. మన సబర్బ్‌లలో బడికి వెయ్యి అడుగుల లోపలికి రాకుండా కారులో కూరగాయలకైనా వెళ్లగలమా? పిల్లల్ని దింపే లైన్‌లోనే రోజూ ఇరవై నిమిషాలు ఉంటాం.

నాకు సిటిజన్‌షిప్ ఉంది, మా ఆవిడ హెచ్-4. ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు. అందరం ఒకే కారు వాడతాం. ఏమైనా ఇబ్బందా?

ఇది ఎవరూ అడగని ప్రశ్న, నిజానికి ముందుగా అడగాల్సింది ఇదే. తుపాకీ మీ పేరు మీద ఉన్నంత మాత్రాన అది మీ ఒక్కరి దగ్గరే ఉన్నట్టు కాదు. అది ఉందని తెలిసి, కావాలనుకుంటే చేతికి అందేలా ఉంటే, వాళ్ల దగ్గర కూడా ఉన్నట్టే లెక్కకట్టే వీలుంది. ముందు సీట్ల మధ్య ఉండే కన్సోల్‌లో తుపాకీ ఉంచి మీరు ఆఫీస్‌కి వేరే కారులో వెళ్లారు, ఆవిడ ఆ తుపాకీ ఉన్న కారులో సరుకులకి పటేల్ బ్రదర్స్‌కి వెళ్లింది. దారిలో పోలీస్ ఆపితే ఆ కారులో ఉన్నది తుపాకీ ఉంచుకోకూడని మనిషి ఒక్కరే.

కాబట్టి మీరు దిగినప్పుడు తుపాకీ కూడా మీతో దిగాలి. ఇంట్లో సేఫ్ ఉండాలి, దాని నంబర్ మీకొక్కరికే తెలియాలి. "అర్జెంటుగా అవసరమైతే ఆవిడకి తెలియొద్దా" అని నన్నొకాయన అడిగాడు. వద్దు. వీసా మీద ఉన్నంత కాలం వద్దు.

పోలీస్ ఆపితే చెప్పాలా?

టెక్సాస్‌లో, ఎల్‌టీసీ ఉండి తుపాకీ దగ్గరుంటే, ఆఫీసర్ ఐడీ అడిగినప్పుడు డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఆ కార్డు కూడా ఇవ్వాలి. లైసెన్స్ లేకుండా తీసుకెళ్తున్నవాళ్లు తమంతట తాము చెప్పాలన్న రూల్ లేదు, అడిగితే అబద్ధం చెప్పకూడదు. మిషిగన్ లాంటి చోట్ల వెంటనే చెప్పి తీరాలి.

నన్ను ఒకసారి వేకో దాటాక ఆపారు. రాత్రి పదకొండు, స్పీడ్ ఎక్కువైంది. లైసెన్స్, ఇన్సూరెన్స్ అన్నాడు ఆఫీసర్. ఇన్సూరెన్స్ కాగితం గ్లోవ్ బాక్స్‌లో ఉంది. తుపాకీ కూడా గ్లోవ్ బాక్స్‌లోనే ఉంది, ఆ కాగితం మీదే. అది తెరవడానికి చెయ్యి సగం చాచాక గుర్తొచ్చింది. చెయ్యి అలాగే ఆపేశాను. వెనక్కి తీసుకోడానికి కూడా భయమేసింది. "ఆఫీసర్, నాకు లైసెన్స్ ఉంది, తుపాకీ ఆ బాక్స్‌లోనే ఉంది, ఏం చేయమంటారు?" అన్నాను. గొంతు నాది కాదేమో అనిపించింది. ఆయన మర్యాదగానే రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టమని, కారు అటువైపుకి తిరిగి వచ్చి, తానే తీసి పక్కన పెట్టి, పని అయ్యాక తిరిగిచ్చాడు. వార్నింగ్‌తో వదిలేశాడు. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది, దానికేమీ తెలియదు.

అందరికీ అలా జరగదు. 2016 జూలైలో మినెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుణ్ణి ట్రాఫిక్‌లో ఆపారు. ఆయనకు పర్మిట్ ఉంది. నా దగ్గర తుపాకీ ఉందని ఆయనే మర్యాదగా చెప్పాడు. కొన్ని క్షణాల్లోనే ఆఫీసర్ ఏడుసార్లు కాల్చాడు. కారులో ఆయన స్నేహితురాలు, ఆమె నాలుగేళ్ల పాప ఉన్నారు. మరుసటి ఏడాది జ్యూరీ ఆ ఆఫీసర్‌ని నిర్దోషి అంది. చట్టం చెప్పినట్టే నడుచుకున్న మనిషి చనిపోయాడు. తుపాకీ హక్కు అందరికీ ఒకటే అని ఎవరైనా అంటే నాకు ఈ కేసు గుర్తొస్తుంది.

రాత్రయితే లోపలి లైటు వేయండి. అద్దం దించండి. చేతులు స్టీరింగ్ మీద పెట్టండి. "గన్" అని అరవకండి, ముందు లైసెన్స్ ఉందన్న మాట చెప్పి తర్వాత ఎక్కడుందో చెప్పండి. చెప్పేదాకా దేనికీ చెయ్యి చాచకండి. కాగితాలూ తుపాకీ ఒకే చోట పెట్టకండి.

కారులో ఎక్కడ పెట్టాలి? గ్లోవ్ బాక్స్ చాలదా?

చాలదు. మీరు కారులో ఉన్నప్పుడు ఎక్కడుంటుంది అన్నది చిన్న ప్రశ్న. మీరు కారులో లేనప్పుడు ఎక్కడుంటుంది అన్నదే అసలు ప్రశ్న. జిమ్‌కి వెళ్తారు, గుడికి వెళ్తారు, పిల్లల స్విమ్మింగ్ క్లాసుకి వెళ్తారు. రోజులో ఇరవై రెండు గంటలు కారు ఖాళీగానే ఉంటుంది. గ్లోవ్ బాక్స్ తాళం స్క్రూడ్రైవర్‌తో వచ్చేస్తుంది. కారు వెనక తుపాకీ కంపెనీ స్టిక్కర్ అంటించుకుంటే దొంగకి అడ్రస్ రాసిచ్చినట్టే.

మేము అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు ఒక పొద్దున్న కిందికి దిగేసరికి మా కారు కుడివైపు అద్దం లేదు. సీటు నిండా పటికబెల్లం పలుకుల్లా గాజు ముక్కలు. గ్లోవ్ బాక్స్ నోరు తెరుచుకుని ఉంది, కాగితాలన్నీ కింద. కన్సోల్ మూత విరిచేశారు. మా అమ్మాయి బూస్టర్ సీటు కూడా ఎత్తి చూశారు. తుపాకీ పోలేదు. ముందురోజు రేంజ్‌కి వెళ్లి శుభ్రం చేద్దామని పైకి తెచ్చాను, అంతే, నేను చేసిన గొప్ప జాగ్రత్త ఏమీ లేదు. ఆ వరసలో నాలుగు కార్లు పగలగొట్టారు. పక్కాయన పిస్టల్ పోయింది. ఆయన మెట్ల మీద కూర్చుని, దాని సీరియల్ నంబర్ ఎక్కడ రాశానా అని ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నాడు. దొరకలేదు. ఆ తుపాకీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో, ఎవరి మీద పేలిందో ఆయనకి ఎప్పటికీ తెలియదు. నేను కారులోంచి తుపాకీ తీసేసింది ఆ వారమే.

2015లో శాన్ ఫ్రాన్సిస్కోలో కేట్ స్టైన్లీ అనే అమ్మాయి తండ్రితో కలిసి సముద్రపు ఒడ్డున నడుస్తుంటే తూటా తగిలి చనిపోయింది. ఆ పిస్టల్ నాలుగు రోజుల ముందు ఆగి ఉన్న కారులోంచి పోయింది. ఆ కారు ఒక ఫెడరల్ ఆఫీసర్‌ది. ట్రైనింగ్ ఉన్నవాళ్ల తుపాకులే కార్లలోంచి పోతున్నాయి.

తప్పదనుకుంటే ఉక్కు తీగతో సీటు కింద ఫ్రేమ్‌కి కట్టేసే చిన్న లాక్ బాక్స్ వస్తుంది, ముప్ఫై నలభై డాలర్లు ఉంటుంది. గట్టి దొంగని ఆపదు గానీ, అద్దం పగలగొట్టి ముప్ఫై సెకన్లలో వెళ్లిపోయేవాణ్ణి ఆపుతుంది. పార్కింగ్‌కి చేరాక అందరూ చూస్తుండగా దాన్ని పెట్టెలో పెట్టకండి, బయల్దేరే ముందే పెట్టేయండి. రాత్రికి ఇంట్లోకి తెచ్చేయండి. సీరియల్ నంబర్ ఈ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

ఎండలో తూటాలు పేలతాయా?

పేలవు. టెక్సాస్ ఎండకి ఆపిన కారులో వేడి అంతవరకు పోదు. తుప్పు, చెమ్మ గురించి ఆలోచించండి చాలు.

ఆఫీస్ పార్కింగ్‌లో, గుడి దగ్గర?

తాళం వేసిన సొంత కారులో చట్టప్రకారం ఉంచుకున్న తుపాకీని కంపెనీ కాదనకూడదని టెక్సాస్ 2011లో చట్టం చేసింది. బిల్డింగ్ లోపలికి తేవద్దనే హక్కు కంపెనీకి ఉంది. కంపెనీ ఇచ్చిన కారైతే వేరే లెక్క. గుళ్లూ చర్చిలూ 2019 నుంచి తామే బోర్డు పెట్టుకుని వద్దనాలి. గుమ్మం దగ్గర 30.05, 30.06, 30.07 అని అంకెలు కనబడితే ఆ బోర్డులు తుపాకీ గురించే. ఎర్రగా 51 శాతం అని ఉంటే అది బార్, లోపలికి అసలు తీసుకెళ్లకూడదు.

టెక్సాస్ నుంచి న్యూజెర్సీకి కారులో షిఫ్ట్ అవుతున్నాం. తుపాకీ తీసుకెళ్లొచ్చా?

ముందు న్యూజెర్సీలో ఉంచుకోడానికి ఏం కావాలో కనుక్కోండి, అదయ్యాకే బయల్దేరండి. మీ టెక్సాస్ లైసెన్స్ అక్కడ చెల్లదు. దారి మొత్తానికి కాపాడే ఫెడరల్ చట్టం ఒకటుంది, 1986ది. బయల్దేరేచోటా చేరేచోటా మీకు హక్కు ఉండాలి, తుపాకీలో తూటాలు ఉండకూడదు, తుపాకీ గానీ తూటాలు గానీ చేతికి అందకూడదు. ట్రంక్‌లో, అంటే డిక్కీలో, పెట్టండి. ఎస్‌యూవీ లాగా ట్రంక్ విడిగా లేకపోతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. గ్లోవ్ బాక్స్, కన్సోల్ తాళం వేసినా ఆ లెక్కలోకి రావు. దారిలో చుట్టాలింట్లో రెండు రోజులు ఆగితే ఈ రక్షణ ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి.

2013లో ఫిలడెల్ఫియా నుంచి న్యూజెర్సీలోకి వచ్చిన ఒక తల్లి, పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది కదా అని, పోలీస్ ఆపగానే తనే చెప్పేసింది. అరెస్ట్ చేశారు. జైలు తప్పదనుకున్న మనిషికి చివరికి 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చాడు. నది మీద ఒక వంతెన దాటితే వచ్చే రాష్ట్రం అది. కాలిఫోర్నియా వెళ్లేవాళ్లు కూడా తూటాలు తీసి, తాళం వేసి, ట్రంక్‌లో పెట్టుకునే వెళ్లాలి.

రోడ్డు మీద ఎవడైనా మీదికొస్తే తీసి చూపించొచ్చా?

భయపెట్టడానికి చూపించడం కూడా నేరమే. మీ కారులోకి బలవంతంగా చొరబడేవాడి మీద ఆత్మరక్షణ హక్కుని టెక్సాస్ చట్టం 2007లో గట్టిపరిచింది, అది నిజం. కట్ కొట్టాడనో, వేలు చూపించాడనో తీయడానికి ఆ చట్టం పనికిరాదు. ఇంకో సంగతి, ఎదుటి కారులో కూడా తుపాకీ ఉంటుంది. నా కారులో తుపాకీ ఉన్న మూడేళ్లలో నేను హారన్ కొట్టడం తగ్గించాను. ఇప్పుడు కారులో లేకపోయినా ఆ అలవాటు అలాగే ఉంది.

అసలు తుపాకీ ఉంటే మంచిదా, లేకపోతే మంచిదా?

మా ఇంట్లోనే ఇద్దరు రెండు మాటలంటారు. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరి మాటా నేను తీసిపారేయలేను.

మా బావకి గ్యాస్ స్టేషన్ ఉంది. పన్నెండేళ్లు రాత్రి షిఫ్ట్ తనే చేశాడు. రెండుసార్లు మొహానికి తుపాకీ పెట్టి డబ్బులు తీసుకెళ్లారు. "పోలీసులు వచ్చేసరికి అంతా అయిపోతుందిరా. వాళ్లు వచ్చేది రిపోర్ట్ రాసుకోడానికి. రాత్రి రెండింటికి షట్టర్ వేసి, క్యాష్ బ్యాగ్‌తో కారు దాకా నలభై అడుగులు నడవాలి. నా స్థానంలో ఒక్క రాత్రి ఉండి చూడు" అంటాడు. గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో పార్ట్‌టైమ్ చేస్తూ కాల్పుల్లో పోయిన మన పిల్లల వార్తలు ఏటా చదువుతున్నాం. ఆ నలభై అడుగుల గురించి నా దగ్గర జవాబు లేదు.

మా ఆవిడ మాట ఇంకోటి. "దొంగ వస్తాడో రాడో. ఇంట్లో కోపాలు, దిగుళ్లు రోజూ వస్తాయి." దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. 2023లో అమెరికాలో తుపాకీతో పోయిన ప్రాణాలు 46,728. అందులో సుమారు 27,300 ఆత్మహత్యలు. మాత్రలు మింగినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు, తుపాకీ అందుకున్నవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బతకరు. ఉద్యోగం పోయి, అరవై రోజుల్లో దేశం వదలాలన్న టెన్షన్‌లో ఉన్న మనిషి ఇంట్లో, కారులో తుపాకీ ఉండకూడదు. అలాంటి స్నేహితుడుంటే వెళ్లి అడగండి, "కొన్నాళ్లు వేరేచోట పెడదామా" అని. చాలామంది ఒప్పుకుంటారు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్ల కోసం పెట్టిన 988కి ఫోన్ చేస్తే ఏ గంటలోనైనా మనిషి మాట్లాడతారు.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథేలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని చంపినప్పుడు మా బావకి ఒకటి కనబడింది, మా ఆవిడకి ఇంకోటి కనబడింది. మా దేశం వదిలిపొమ్మని అరిచినవాణ్ణి బయటికి పంపించేస్తే, వాడు తుపాకీతో తిరిగొచ్చి కాల్చాడు. మన దగ్గర కూడా ఉండాలి అన్నాడు బావ. కోపంతో బయటికెళ్లినవాడికి అది అంత సులువుగా దొరక్కపోతే శ్రీనివాస్ ఇంటికొచ్చేవాడు కదా అంది మా ఆవిడ. 2023 మేలో మా ఇంటికి అరగంట దూరంలో ఆలెన్ మాల్‌లో ఎనిమిదిమందిని చంపేశాడు ఒకడు. అందులో హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు అమ్మాయి ఉంది. ఆ మాల్‌కి మేమూ ఎన్నోసార్లు వెళ్లాం. ఆ వారం కూడా ఇంట్లో అదే వాదన జరిగింది.

నా వరకు నేను తేల్చుకున్నది ఇది. ఇంట్లో సేఫ్‌లో ఉండటం నాకు ఒప్పుకోదగ్గదే. కారులో వదిలేసి వెళ్లడం కాదు. బావ తన నడుముకి పెట్టుకుని తిరుగుతాడు, కారులో వదలడు, నెలకి రెండుసార్లు రేంజ్‌కి వెళ్తాడు. ఆయన్ని నేను తప్పు పట్టను.

అమెరికావాళ్లకి తుపాకీ అంటే ఎందుకంత పట్టుదల?

మన దగ్గర తుపాకీ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. 1959 ఆయుధ చట్టం ప్రకారం ఎందుకు కావాలో మనమే నచ్చజెప్పుకోవాలి, 2019 సవరణ తర్వాత ఒకరికి రెండుకి మించి ఉండకూడదు, ఎన్నికలొస్తే స్టేషన్‌కి తీసుకెళ్లి డిపాజిట్ చేయాలి. నా చిన్నప్పుడు మా ఊళ్లో తుపాకీ అంటే పోలీసులది, లేకపోతే అన్నలది. మామూలు మనిషి చేతిలో ఉండేది కాదు. ఎవరి చేతిలో చూసినా భయమే.

ఇక్కడ అది 1791 నుంచి రాజ్యాంగంలో ఉన్న హక్కు. ఆత్మరక్షణకి ఇంట్లో ఉంచుకోవడం ప్రతి మనిషి సొంత హక్కని సుప్రీం కోర్టు 2008లో తేల్చింది, బయటికి తీసుకెళ్లడం కూడా హక్కేనని 2022లో చెప్పింది. ప్రమాదకరమని కోర్టు తేల్చిన మనిషి దగ్గర్నుంచి తాత్కాలికంగా తీసేయొచ్చని 2024లో చెప్పింది. ప్యూ అనే సర్వే సంస్థ 2023లో అమెరికన్లని అడిగితే, తుపాకులు భద్రత పెంచుతాయన్నవాళ్లు 49 శాతం, తగ్గిస్తాయన్నవాళ్లూ 49 శాతం. మన ఇంట్లో వాదన తెగలేదంటే వింతేం లేదు.

ఇండియా వెళ్తున్నాం. తుపాకీ ఇంట్లోనే ఉంటుంది, ఇంకేమైనా చూసుకోవాలా?

బ్యాగ్ చూసుకోండి. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్‌లో లాప్‌టాప్ పెట్టుకుని ప్రయాణం చేయకండి. లైనింగ్‌లో ఇరుక్కున్న ఒక్క తూటా అమెరికా ఎయిర్‌పోర్టులో దొరక్కపోయినా శంషాబాద్ స్కానర్‌లో దొరకొచ్చు. దొరికితే ఆయుధ చట్టం కింద కేసు. తెలిసి తెచ్చింది కాదని కోర్టులు ఇలాంటి కేసులు చాలాసార్లు కొట్టేశాయి, కానీ అందాకా ఎన్నిసార్లు తిరగాలో, వచ్చిన పెళ్లి పని ఏమవుతుందో ఆలోచించండి. రేంజ్‌కి వేరే బ్యాగ్ పెట్టుకోండి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

మా అబ్బాయిని ఫ్రెండ్ ఇంటికి స్లీపోవర్‌కి పంపుతున్నాం. వాళ్లింట్లో తుపాకీ ఉందా అని అడగడం బాగుంటుందా?

అడగండి. 2020 నుంచి ఈ దేశంలో పిల్లలు, టీనేజర్ల చావులకి మొదటి కారణం తుపాకీయే, కారు ప్రమాదాలు ఆ తర్వాతే. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా ఉంచడం నేరం కూడా. మనకి మొహమాటం ఎక్కువ, వాళ్లేమనుకుంటారో అని నోరు మూసుకుంటాం. పీనట్ ఎలర్జీ గురించి చెబుతాం కదా, ఆ మాటతో కలిపి అడిగేయండి: "మావాడికి పల్లీలు పడవు. ఇంకోటి, ఇంట్లో గన్ ఉంటే తాళం వేసే ఉంటుంది కదా?"

మా ఆవిడ మొదటిసారి పక్కింటి టెక్సాస్ ఆవిడని ఇలా అడిగినప్పుడు నేను కారులోనే కూర్చుండిపోయాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ మా ఆవిడని లోపలికి తీసుకెళ్లి, బట్టల అల్మారాలో గోడకి బిగించిన సేఫ్ తలుపు లాగి చూపించి, "మీ ఇంట్లోది ఎక్కడుంది?" అని తిరిగి అడిగింది.